సరస్సు ఒడ్డున విడిది... అమ్మకూ సెలవేనా?

వేసవి సెలవులనగానే మనకు గుర్తొచ్చేది అమ్మమ్మగారి ఊరు, ఆవకాయ జాడీలు, రాత్రిపూట డాబా మీద పక్కలు. పగలంతా తలుపులు మూసుకుని, వట్టివేళ్ల తడికెల చాటున ఎండను తప్పించుకోవడమే మన వేసవి. మేముండే మిన్నెసోటాలో వేసవికి అర్థమే వేరు. ఇది అమెరికాలో ఉత్తరం కొసన, కెనడాకు ఆనుకుని ఉన్న రాష్ట్రం. ఆరు నెలల చలికి ఇళ్లలో ముడుచుకుపోయిన జనం జూన్ వచ్చిందంటే చాలు, కారు మీద పడవ కట్టుకుని, డిక్కీలో గుడారం పడేసుకుని ఇంకా ఉత్తరానికి బయలుదేరతారు. ఎక్కడికయ్యా అంటే, ఏదో ఒక చెరువు గట్టుకి!

చెరువంటే మన ఊరి చెరువు కాదు లెండి. ఈ రాష్ట్రంలో పదెకరాలు, అంతకు మించి ఉన్న సరస్సులే 11,842 ఉన్నాయి. కార్ల నంబరు ప్లేట్ల మీద కూడా '10,000 సరస్సులు' అని గర్వంగా రాసుకుంటారు. మిన్నెసోటా అన్న పేరే ఇక్కడి మూలవాసులైన డకోటా ప్రజల మాట. ఆకాశం నీడ పడిన నీళ్లని దానికి అర్థం చెబుతారు.

ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకీ ఈ అలవాటు అబ్బింది. ఇండియా నుంచి అమ్మానాన్నలు, అత్తమామలు వచ్చేది కూడా ఈ నెలల్లోనే. వనభోజనాల రుచి తెలిసినవాళ్లం కదా, మనకిదేం పూర్తిగా కొత్త కాదు. ఉసిరి చెట్టు బదులు పైన్ చెట్టు, ఒక్క పూట బదులు మూడు రాత్రులు.

అయితే ఆ మూడు రాత్రుల్లోనే ఉంది అసలు సంగతి. చలిలో లేచి కాఫీ పెట్టేదెవరు? అర్ధరాత్రి పాపని మరుగుదొడ్డికి తీసుకెళ్లేదెవరు? తడిసిన బట్టలు ఆరేసేదెవరు? ఇంట్లో గ్యాస్ పొయ్యి మీద చేసే వంటే అడవిలో పొగ మధ్య చెయ్యాల్సి వస్తే, దాన్ని సెలవనడానికి నోరెలా వస్తుంది? ఇన్నేళ్లుగా వెళ్లి వస్తున్న అనుభవంతో నేను చెప్పేదొక్కటే. ఆడవాళ్లకి ఆ నాలుగు రోజులూ విశ్రాంతి దొరుకుతుందా లేదా అన్నది అక్కడికెళ్లాక తేలే విషయం కాదు. చోటు ఎంచుకునేటప్పుడే సగానికి పైగా తేలిపోతుంది. అందుకే ఆ ఎంపికని మగవాళ్లకి వదిలేయకండి.

ఫొటో చూసి మురిసిపోవద్దు

సరస్సు మీద సూర్యాస్తమయం ఫొటో ఎవరు తీసినా బాగానే ఉంటుంది. మా స్నేహితురాలి కుటుంబం అలాంటి ఫొటో ఒకటి చూసి ముచ్చటపడి ఒక ప్రైవేటు క్యాంప్‌గ్రౌండ్‌లో మూడు రోజులకు డబ్బు కట్టేశారు. వెళ్లి చూస్తే సరస్సు నిజంగానే ఎదురుగా ఉంది. మరుగుదొడ్డి మాత్రం గుట్టకి ఆ చివర. మంచినీళ్ల కుళాయి ఇంకా అవతల. గుడారం వేసిన చోటు పల్లం కావడంతో రెండో రాత్రి వాన పడితే నీళ్లన్నీ పక్కల కిందకి చేరాయి. పక్కవాళ్ల జనరేటరు మోతకి కునుకు పట్టలేదు. "మూడు రోజులూ నీళ్లు మొయ్యడమే సరిపోయిందక్కా. మా నాయనమ్మ బిందెతో ఊరి బావికి వెళ్లి రావడం గుర్తొచ్చింది" అందావిడ తిరిగొచ్చాక. పిల్లలు, వాళ్ల నాన్న మాత్రం చాలా బాగుందన్నారట!

మా ఇంట్లో ఈ మాట మొదలైనప్పుడు అందరూ పడవలు, చేపలు, నిప్పుల మీద కాల్చుకునే మొక్కజొన్న పొత్తుల గురించే మాట్లాడుకున్నారు. అప్పటిదాకా ఊరుకున్న మా అత్తయ్యగారు, "అవన్నీ సరేనమ్మాయ్, అక్కడ బాత్రూం ఎంత దూరం?" అన్నారు. అందరూ నవ్వారు. నేను మాత్రం కాగితం తీసుకుని మొట్టమొదట ఆ ప్రశ్నే రాసుకున్నాను. ఆవిడకి మోకాళ్ల నొప్పులు. మావయ్యగారికి షుగరు, రాత్రి రెండు మూడుసార్లు లేవాలి. మా అమ్మాయి పెద్దదవుతోంది, నెలసరి రోజులు కలిసొస్తే స్నానానికి, బట్టలు మార్చుకోవడానికి చాటుండాలి. మా అబ్బాయికి నీళ్లు కనిపిస్తే ఆగడు, ఈత మాత్రం అరకొర. ఇలా ఒక్కొక్కరి అవసరం రాసుకుంటూ పోతే, ఎలాంటి చోటు కావాలో ఆ కాగితమే చెప్పేసింది.

అందరిలోకీ గట్టివాళ్లని కాదు, ఎవరికి ఎక్కువ కష్టమో వాళ్లని దృష్టిలో పెట్టుకుని చోటు చూడాలి. వాళ్లకి సుఖంగా ఉంటే మిగతావాళ్లకి ఎలాగూ సుఖమే. పైగా వాళ్ల కష్టమంతా చివరికి మోసేది ఆ ఇంటి ఆడవాళ్లే కదా!

అన్ని సరస్సులూ ఒకటి కావు

చాలామందికి మొదట మనసు పోయేది సుపీరియర్ సరస్సు మీదకి. పోదూ మరి! విస్తీర్ణంలో ఇప్పటి మన ఆంధ్రప్రదేశ్‌లో సగముంటుంది. 82,000 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. ఒడ్డున నిలబడితే అవతలి గట్టు కనిపించదు. విశాఖ బీచ్‌లో నిలబడ్డట్టే ఉంటుంది, ఉప్పు వాసనొక్కటే తక్కువ. గూస్‌బెర్రీ జలపాతాలు, 1910లో కట్టిన స్ప్లిట్ రాక్ దీపస్తంభం, కొండ అంచుల అడవులు అన్నీ ఆ ఒడ్డునే ఉన్నాయి. కానీ ఆ నీళ్ల సగటు వేడి 4 డిగ్రీలే. ఫ్రిజ్‌లో నీళ్లన్నమాట! చూడ్డానికి అద్భుతం, పిల్లలు దిగి ఆడుకోవడానికి మాత్రం కాదు. స్ప్లిట్ రాక్ దగ్గరున్న కొన్ని క్యాంపు సైట్లకి కారు తిన్నగా వెళ్లదు. సామానంతా తోపుడు బండిలో వేసుకుని లోపలికి నెట్టుకెళ్లాలి. కుర్రజంటలకి సరదాయే. మోకాళ్ల నొప్పులున్నవారికి కాదు.

ఇంకా ఉత్తరాన కెనడా సరిహద్దులో బౌండరీ వాటర్స్ అని పది లక్షల ఎకరాలకి పైగా అడవి ఉంది. అందులో వెయ్యికి మించి సరస్సులు. మోటారు మోత దాదాపు వినిపించని చోటు. తెడ్డు వేసుకుంటూ పడవలో వెళ్లాలి, ఒక సరస్సు నుంచి ఇంకో సరస్సుకి పడవను భుజాన మోసుకెళ్లాలి. ముందుగా అనుమతి పత్రం తీసుకోవాలి, జట్టుకి 9 మందికి మించకూడదు. మరుగుదొడ్డంటే చెట్ల మధ్య మూతతో ఉండే ఒక దిమ్మె, చుట్టూ గోడలుండవు. గాజు సీసాలు, డబ్బాలు తీసుకెళ్లనివ్వరు. కాబట్టి ఆవకాయని కూడా ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చుకోవాల్సిందే! కాలేజీ పిల్లలు ఇలాంటి చోటికెళ్తే బాగుంటుంది. ముసలివాళ్లతో, పసివాళ్లతో వెళ్లేది కాదు.

ఇక మిల్ లాక్స్ అనే సరస్సు. మిన్నియాపోలిస్ నగరం నుంచి రెండు గంటల లోపు ప్రయాణం. వైశాల్యం 1,32,000 ఎకరాలున్నా మొత్తం మీద ఎక్కడా 42 అడుగులకు మించి లోతుండదు. దాని ఒడ్డునే ఫాదర్ హెన్నెపిన్ స్టేట్ పార్కు ఉంది. అక్కడ ఇసుక ఒడ్డు, లోపలికి మెల్లమెల్లగా పెరిగే లోతు. చిన్నపిల్లలున్నవాళ్లు మొదటిసారి వెళ్లడానికి, నచ్చకపోతే మర్నాడే ఇంటికి తిరిగి రావడానికి అనువైన దూరం. గాలి లేస్తే మాత్రం ఇంత పెద్ద సరస్సు మీద అలలు గట్టిగానే వస్తాయి.

వీటన్నిటితో పోల్చి చూసి మేము ఎంచుకున్నది ఇటాస్కా. మిన్నియాపోలిస్ నుంచి సుమారు 4 గంటలు. 1891లో ఏర్పడిన ఈ పార్కు మిన్నెసోటా స్టేట్ పార్కులన్నిటిలోకీ పాతది. 32,000 ఎకరాల అడవి, అందులో వందకు పైగా చిన్నా పెద్దా సరస్సులు. గుడారాలు వేసుకోవడానికి రెండు వందల పైచిలుకు చోట్లు. అన్నిటినీ మించి, మిసిసిపీ నది పుట్టేది ఇక్కడే.

మ్యాపులో వెతకాల్సినవి

పార్కు పేరు ఖాయమయ్యాక, అందులో ఏ నంబరు చోటన్నది ఇంకా ముఖ్యం. ఇల్లు అద్దెకి తీసుకునేటప్పుడు మనం ఎన్ని చూస్తాం? నీళ్లొస్తాయా, గాలి ఆడుతుందా, పక్కవాళ్లెవరు అని. ఇదీ అంతే.

మొదట మరుగుదొడ్ల బొమ్మ ఎక్కడుందో చూడండి. అందులో రెండు రకాలుంటాయి. కుళాయి, వేడినీళ్ల స్నానాల గది ఉన్నది ఒకటి. నీళ్లు లేకుండా లోతైన గుంట మీద కట్టినది ఇంకొకటి. రెండోది శుభ్రంగానే ఉండొచ్చు కానీ, నీళ్లు లేకుండా మనవాళ్లకి కుదరదు కదా! ఏ రకమో ముందే కనుక్కోండి. ఒక చెంబో, మగ్గో సామానులో పెట్టుకోవడం మరవకండి. అయితే మరీ ఆ గదికి ఆనుకుని ఉన్న చోటు తీసుకోవద్దు. రాత్రంతా లైటు, తలుపుల చప్పుడు. రెండు మూడు చోట్ల అవతల ఉన్నది మేలు.

రెండోది కుళాయి. మూడోది కరెంటు. కరెంటున్న చోటుకి అద్దె కాస్త ఎక్కువ. కానీ రైస్ కుక్కర్లో అన్నం వండుకోవచ్చు, మందులు పెట్టుకునే చిన్న ఫ్రిజ్ నడుస్తుంది. ఇన్సులిన్ వాడే పెద్దవాళ్లుంటే ఈ ఖర్చు దండగ కాదు. నాలుగోది నేల తీరు. కాస్త మెరక, చదును ఉన్నదే ఎంచుకోవాలి. అయిదోది నీడ. మధ్యాహ్నం ఎండ పడే పడమటి వైపు చెట్లుంటే గుడారం ఉడికిపోదు.

ఇక సరస్సుకి ఎంత దగ్గర? నీటి అంచునే ఉన్న చోటు కోసం అందరూ పోటీ పడతారు. నడక నేర్చిన పసివాళ్లున్న తల్లి మాత్రం కాస్త ఆలోచించాలి. గుడారం తలుపు తీస్తే నీళ్లున్నాయంటే, ఆ తల్లి మూడు రోజులూ రెప్ప వాల్చకుండా కాపలా కాయాలి. వంద అడుగులు వెనక్కి ఉన్న చోటే ఆమెకి సెలవు. నీళ్లు కావాలనుకున్నప్పుడు అందరూ కలిసి వెళ్తారు, లేనప్పుడు నిశ్చింతగా కూర్చుంటారు.

ఏ నెలలో వెళ్లాలి?

మే నెలాఖరు సోమవారం మెమోరియల్ డే నుంచి సెప్టెంబరు మొదటి సోమవారం లేబర్ డే దాకా ఇక్కడి వాళ్ల లెక్కలో వేసవి. జూన్‌లో రాత్రి తొమ్మిది దాటినా వెలుగుంటుంది, కానీ నీళ్లింకా చల్లగానే ఉంటాయి. పైగా దోమలు! మిన్నెసోటా రాష్ట్ర పక్షి దోమేనని ఇక్కడివాళ్లే హాస్యమాడతారు. అసలు రాష్ట్ర పక్షి లూన్. నల్లటి తల, వీపు మీద ముగ్గు చుక్కల్లాంటి తెల్లచుక్కలు, ఎర్రటి కళ్లు. రాత్రిపూట దాని కూత మొదటిసారి వింటే ఎవరో ఏడుస్తున్నట్టుండి గుండె జల్లుమంటుంది. పెద్దవాళ్లకి ముందే చెప్పి ఉంచండి.

జూలై 4 సెలవులకి ఎక్కడ చూసినా జాతరే. నా మటుకు నాకు జూలై చివరి వారం నుంచి ఆగస్టు సగం దాకా మంచి కాలం. నీళ్లు వెచ్చబడతాయి, దోమలు తగ్గుముఖం పడతాయి. శని, ఆదివారాలు కాకుండా మధ్య రోజుల్లో వెళ్తే సందడి తక్కువ. ఇక్కడి స్టేట్ పార్కుల్లో 120 రోజుల ముందునుంచే చోటు రిజర్వు చేసుకోవచ్చు. అంటే ఆగస్టులో వెళ్లాలంటే ఏప్రిల్‌లోనే కూర్చుని మాట్లాడుకోవాలి. అత్తమామల టికెట్ల తేదీలు ఖాయమైన రోజే ఇదీ చూసుకోండి. చోటు అద్దె కాక కారుకి వేరే పర్మిటు కొనాలి.

ఎండాకాలమే కదా అని దుప్పట్లు వదిలేయొద్దు. జూలైలో కూడా ఉత్తరాన రాత్రి చలి 10 డిగ్రీల దాకా దిగొచ్చు. స్వెట్టరు, మేజోళ్లు, చెవులకి మఫ్లరు పెద్దవాళ్లకి తప్పనిసరి.

నీళ్లు మంచివే, కానీ...

ఈ మాట కాస్త గట్టిగా చెప్పాలి. చదువుకో, ఉద్యోగానికో వచ్చిన మన తెలుగు పిల్లలు సరస్సుల్లో, జలపాతాల దగ్గర మునిగిపోయారన్న వార్త పేపర్లో చదివినప్పుడల్లా కడుపు తరుక్కుపోతుంది. పాతికేళ్లు కూడా నిండని పిల్లలు! మనలో చాలామందికి, ముఖ్యంగా ఆడపిల్లలకి, ఈత నేర్పే అలవాటే లేదు. అద్దంలా నిలకడగా కనిపించే సరస్సు మోసం చేస్తుంది. మోకాలి లోతులో నాలుగడుగులు వేసేసరికి ఉన్నట్టుండి నేల జారిపోయి నిలువు లోతు వచ్చేస్తుంది. అలాంటప్పుడు చల్లటి నీళ్లకి ఊపిరి పట్టేసి, ఈత వచ్చినవాళ్లకే చేతులాడవు.

అందుకే ఈతకి కేటాయించిన ఇసుక ఒడ్డు ఉన్న పార్కునే ఎంచుకోండి. కానీ ఒక్కటి గుర్తుంచుకోవాలి. ఈ స్టేట్ పార్కుల ఒడ్డున సాధారణంగా కాపలాకి లైఫ్‌గార్డులుండరు. చూసుకునే పూచీ మనదే. పిల్లలు నీళ్లలో ఉన్నంతసేపూ పెద్దవాళ్లలో ఒకరు ఫోను పక్కన పెట్టి కళ్లు వాళ్ల మీదే ఉంచాలి. అరగంటకొకరు వంతులు మార్చుకోండి. 'అందరం ఉన్నాం కదా' అనుకున్నప్పుడే ఎవరూ చూడరు. పడవలో కదిలేటప్పుడు పదేళ్ల లోపు పిల్లలకి లైఫ్ జాకెట్ తొడగాలని మిన్నెసోటా చట్టమే చెబుతోంది. పెద్దవాళ్లకి కూడా పడవలో ఉండాలి. అది కాళ్ల దగ్గర పడేసి ఉంటే ఉపయోగమేముంది? ఒంటి మీద ఉంటేనే ప్రాణం. గాలి ఊదిన బొమ్మలు, ట్యూబులు దానికి సాటి రావు.

ఎండలు ముదిరాక కొన్ని సరస్సుల్లో ఆకుపచ్చ రంగు ఒలికినట్టు, బఠాణీ సూపులా నాచు తేలుతుంది. అందులో కొన్ని రకాలు విషపూరితం. అలా కనిపిస్తే పిల్లల్ని దిగనివ్వకండి. అడవిలో తిరిగొచ్చాక మోకాళ్ల వెనక, చంకల్లో, చెవుల వెనక, తలలో గోమారి పురుగులున్నాయేమో వెతకాలి. ఇక్కడ ఒక రకం గోమారి వల్ల లైమ్ జబ్బు వస్తుంది. కరిచిన 24 గంటల లోపు పట్టకారుతో జాగ్రత్తగా తీసేస్తే ఆ ప్రమాదం బాగా తగ్గుతుంది. పిల్లల తలలు చూసే పని మన అమ్మమ్మలకి కొత్తా?

అక్కడా వంటిల్లేనా?

ఇక మన అసలు బాధకి వద్దాం. సెలవు రోజుల్లో నాలుగు రకాల కూరలు అడిగేవాళ్లుంటే ఏ సరస్సూ మనల్ని కాపాడలేదు. మా ఇంట్లో బయలుదేరేముందే పనులు పంచేసుకుంటాం. పొద్దున్న కాఫీ, స్టవ్ వెలిగించడం మావారిది. నీళ్లు తేవడం, చెత్త పడెయ్యడం పిల్లలది. గిన్నెలు తోమడం రోజుకొకరు. మొదటి రోజుకి పులిహోర, పెరుగన్నం, చపాతీలు ఇంటి నుంచే. తర్వాతి రోజులకి వేయించిన ఉప్మారవ్వ, కందిపొడి, ఆవకాయ, మజ్జిగ మిరపకాయలు. కుక్కర్లో అన్నం పడేస్తే చాలు. కొడుకు గిన్నెలు తోముతుంటే మొదటి రోజు మా అత్తయ్యగారి ముఖం ముడుచుకుంది. మూడో రోజుకి, "మీ మావయ్యకి కూడా ఈ చోటు ముందే చూపించాల్సిందమ్మాయ్" అన్నారు!

ఉత్తరాది అడవుల్లో నల్ల ఎలుగుబంట్లుంటాయి. అందుకని తిండి సామానంతా రాత్రి కారులో పెట్టి తాళం వెయ్యాలి. గుడారంలో బిస్కెట్టు ముక్క కూడా ఉంచకూడదు. సబ్బు నీళ్లు సరస్సులో కలపకూడదు. కట్టెలు ఇంటి నుంచి మోసుకెళ్లకండి. ఆష్ చెట్లని తొలిచి చంపేసే ఆకుపచ్చ పురుగు కట్టెలతో పాటు ఒకచోటి నుంచి ఇంకోచోటికి పాకుతోందని, పార్కు దగ్గర అనుమతి ఉన్న చోటే కొనమంటారు. మంట చుట్టూ కూర్చునేటప్పుడు నైలాన్, సింథటిక్ చీరలొద్దు. నూలు చీర కట్టుకుని కొంగు బొడ్లో దోపుకోండి, లేదా పంజాబీ డ్రెస్సు వేసుకోండి.

గుడారమా, గదా?

నేల మీద పడుకోలేనివాళ్లుంటే గుడారమే అక్కర్లేదు. ఇక్కడి చాలా పార్కుల్లో క్యాంపర్ క్యాబిన్లని చిన్న చెక్క గదులున్నాయి. లోపల బంకు మంచాలు, బల్ల, దోమలు రాకుండా జాలీ. బాత్రూం మాత్రం బయటే. పిల్లలు గుడారంలో, పెద్దలు గదిలో ఉండేలా చూసుకుంటే ఇద్దరికీ సంతోషమే. గుడారం వేయడమే రాదనుకునేవాళ్లకి మిన్నెసోటా సహజ వనరుల శాఖవారి 'ఐ కెన్ క్యాంప్' కార్యక్రమం ఉంది. గుడారం, పరుపులు, స్టవ్ వాళ్లే ఇచ్చి, ఎలా వాడాలో దగ్గరుండి నేర్పుతారు. వేలు పోసి సామాను కొనేముందు ఇలా ఒకసారి చేసి చూడటం మంచిది.

మేరీ నిలబెట్టిన ఒడ్డు

ఇటాస్కాని నేను ఎంచుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఓజిబ్వే తెగవారు దీన్ని పెద్ద దుప్పి సరస్సని పిలిచేవారు. 1832లో స్కూల్‌క్రాఫ్ట్ అనే ఆయనకి ఓజావిండిబ్ అనే ఓజిబ్వే నాయకుడు దారి చూపించి ఇక్కడికి తీసుకొచ్చాడు. స్కూల్‌క్రాఫ్ట్ లాటిన్‌లో సత్యం, శిరస్సు అనే అర్థాలున్న రెండు మాటలు కలిపి, మధ్య అక్షరాలు తీసుకుని 'ఇటాస్కా' అని పేరు పెట్టాడు. పేరు చరిత్రలో మగవాళ్లే కనిపిస్తారు. ఈ ఒడ్డు కోసం పోరాడింది మాత్రం ఒక అమ్మాయి.

1903లో పార్కు కమిషనరుగా ఉన్న జాన్ గిబ్స్ చనిపోతే, ఆయన కూతురు మేరీ గిబ్స్‌ని ఆ స్థానంలో నియమించారు. అప్పుడామె వయసు 24. ఉత్తర అమెరికాలోనే అలాంటి పదవిలో కూర్చున్న మొదటి స్త్రీ అని చెబుతారు. కలప కంపెనీవాళ్లు దుంగలు తేలించుకోవడానికి నది మీద అడ్డుకట్ట వేసి తలుపులు మూసేశారు. సరస్సు నీరు పెరిగి ఒడ్డున ఉన్న చెట్లన్నీ మునిగిపోతున్నాయి. తలుపులెత్తమని మేరీ వెళ్లి అడిగింది. ముట్టుకుంటే కాలుస్తామని తుపాకీ చూపించారు. ఆమె వెనక్కి తగ్గలేదు. అయితే ఆ కంపెనీల పలుకుబడి ముందు కొద్ది నెలలకే ఆమె పదవి పోయింది. ఇప్పుడు నది పుట్టే చోట ఉన్న సందర్శకుల కేంద్రానికి ఆమె పేరే పెట్టారు. రెండు వందల ఏళ్లు దాటిన ఎర్ర పైన్ చెట్లు ఆ పార్కులో ఇంకా నిలిచే ఉన్నాయి.

ఆ కేంద్రం నుంచి నది దాకా కొద్ది నడకే. చక్రాల కుర్చీ కూడా వెళ్లగలిగే బాట. సరస్సు అంచున వరుసగా రాళ్లు, వాటి మధ్యనుంచి గలగలమంటూ మోకాలి లోతు నీళ్లు. ఇంతే మిసిసిపీ! ఇక్కడి నుంచి 3,700 కిలోమీటర్ల పైచిలుకు, మన గోదావరికి రెండున్నర రెట్లు ప్రవహించి మెక్సికో సింధుశాఖలో కలుస్తుంది. ఇక్కడ పడిన నీటి చుక్క అక్కడికి చేరడానికి సుమారు 90 రోజులు పడుతుందట. రాళ్లు జారుతాయి కాబట్టి అత్తయ్యగారిని వాటి మీద ఎక్కనివ్వలేదు. పక్కన ఇసుక ఉన్న చోట, ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో మనవరాలి చెయ్యి పట్టుకుని నీళ్లలో దిగారు. "త్ర్యంబకంలో గోదావరిని చూడాలని ఎన్నేళ్లుగానో అనుకుంటున్నా. ఇక్కడ ఇంకో నది తల్లి పుట్టిల్లు చూశాను" అంటూ తల మీద నీళ్లు చల్లుకున్నారు. మెల్లగా ఆ ఒడ్డుకి నడిచి వెళ్లారు. మిసిసిపీ నదిని కాలినడకన దాటానని ఇండియాకి ఫోను చేసి ఎంతమందికి చెప్పుకున్నారో!

మోకాళ్ల నొప్పులున్న మనిషి ఆ సంతోషం పొందగలిగారంటే, బాత్రూం దూరం దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్కటీ చూసుకుని ఆ చోటు ఎంచుకోబట్టే. ఆ మధ్యాహ్నం నేను పైన్ చెట్టు కింద చాప వేసుకుని, చాలా నెలలుగా సగంలో ఆగిపోయిన కథ రెండు పేజీలు రాసుకున్నాను. మధ్యలో ఎవరూ "అమ్మా" అని పిలవలేదు.

ఈ వేసవికి మీ పిల్లల దగ్గరికి వస్తున్న అమ్మలూ, అత్తలూ! "ఎక్కడికైనా పర్లేదు, మీ ఇష్టం" అని ఊరుకోకండి. మీకేం కావాలో, ఏది కష్టమో ముందే నోరు తెరిచి చెప్పండి. కోడళ్లూ, కూతుళ్లూ! వాళ్లు చెప్పినవాటితో పాటు మీకు కావాల్సింది కూడా ఆ కాగితం మీద రాసుకోండి. దాన్ని పట్టుకుని మ్యాపు ముందు కూర్చోండి. పక్కన మీవారిని కూడా కూర్చోబెట్టుకోండి. పొద్దున్న కాఫీ ఎవరిదో అప్పుడే తేల్చేయండి.